చెన్నై ఎండ, లాప్‌టాప్ వేడి, మూడు తమిళ ముక్కలు

నేను చెన్నై వచ్చి పద్దెనిమిదేళ్లు. డాలస్‌లో ఉన్న మా బావ ఎన్నారై అయితే వీసా లేకుండా వచ్చిన నేనూ ఎన్నారైనే అని మా ఇంట్లో పాత జోకు. తమిళం రాకుండా ఇక్కడ దిగిన మనవాళ్లు మామూలుగా ఇంటి అడ్వాన్సు గురించో, గ్యాస్ కనెక్షన్ గురించో అడుగుతారు. ఎండాకాలం వస్తే మాత్రం సందేహం ఒకటే. లాప్‌టాప్ కాలిపోతోంది, ఏం చెయ్యాలి?

మొన్న రాత్రి పదింటికి పక్క పీజీలో ఉండే ఒంగోలు కుర్రాడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "అన్నా, స్క్రీన్ మీద గీతలొస్తున్నాయి. గ్రాఫిక్స్ చిప్ పోయిందంట. ఫోన్లో అడిగితే పద్దెనిమిది వేలు అవుద్దన్నారు." అడుగున చెయ్యి పెట్టాను. దోసె పెనంలా ఉంది. ఎక్కడ పెట్టుకుని వాడుతున్నావురా అంటే, మంచం మీద, దిండేసుకుని అన్నాడు. దిండు మెత్తగా ఒదిగి కింది గాలి రంధ్రాలన్నీ మూసేస్తుంది. ముక్కు మూసి పరిగెత్తమన్నట్టే.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. లాప్‌టాప్‌లో ఫ్యాన్ చల్లగాలి పుట్టించదు. గదిలో ఉన్న గాలినే లాగి, చిప్ దగ్గర నుంచి వేడిని మోసుకొచ్చిన రాగి రేకుల మీదుగా బయటికి తోస్తుంది. అంచేత గదిలో పెరిగిన ప్రతి డిగ్రీ ఇంచుమించు చిప్ మీద కూడా పెరుగుతుంది. బెంగళూరులో 26 డిగ్రీల గదిలో 80 దగ్గర ఆగే చిప్, ఇక్కడ ఏసీ లేని 36 డిగ్రీల గదిలో 90కి పోతుంది. ఈ ఊళ్లో 2003 మే 31న 45 డిగ్రీలు కొట్టింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట నెల్లూరు దాటగానే ఆగిపోదు.

చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అది తెలియక, సిస్టమ్ స్లో అయింది, వైరస్ పట్టిందని రెండుసార్లు ఫార్మాట్ కొట్టించుకున్న మనిషి మా ఆఫీసులోనే ఉన్నాడు. హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే లోపల ఎన్ని డిగ్రీలుందో కనబడుతుంది. పని చేస్తున్నప్పుడు 80, 85 అంటే కంగారు అక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడే 75 ఉంటే లోపల చెత్త పేరుకుని ఉండొచ్చు.

ఆ చెత్త ఎలా ఉంటుందో చాలామంది చూసి ఉండరు. మా అమ్మాయి లాప్‌టాప్ వారంటీ అయిపోయాక నేనే విప్పాను. ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే ఉన్నాయి. ఫ్యాన్ విప్పి పక్కకు తీస్తే దాని వెనక, రాగి రేకుల మూతి మీద బూడిదరంగు చాప ఒకటి అతుక్కుని ఉంది. దుప్పటి నూగు, వెంట్రుకలు, దుమ్ము, మన సముద్రపు గాలి చెమ్మకు ముద్దకట్టి అట్టలా తయారైంది. ట్వీజర్‌తో పట్టి లాగితే మూడంగుళాల ముక్క చిరక్కుండా వచ్చింది. బయటనుంచి ఎంత ఊదినా రాని సరుకది. చిప్ వేడిని లాగే లోహపు పలక (హీట్ సింక్) కింద, వేడిని దానికి దాటించే పేస్టు ఎండిపోయి విభూతిలా రాలింది. పాతది స్పిరిట్‌తో తుడిచి, కందిబద్దంత కొత్త పేస్టు పెట్టి బిగించాను. అదే పనికి అంతకుముందు 94 చూపించేది, ఆ రోజు 78.

మీకు విప్పడం రాకపోతే సర్వీసు షాపులో "క్లీనింగ్, పేస్టు మార్చాలి" అంటే చాలు, పెద్ద ఖర్చేం కాదు. మీరే చేసేట్టయితే బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా టూత్‌పిక్ అడ్డం పెట్టండి. గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. చిప్‌ల మీద మెత్తటి ప్యాడ్‌లు ఉంటే వాటిని తీసి పేస్టు పూయకండి, మందం సరిపోదు.

ఇక గ్రాఫిక్స్ చిప్, అంటే తెర మీద బొమ్మ పుట్టించే చిప్ సంగతి. ఇక్కడే మనవాళ్ల డబ్బు పోతుంది. నాదీ పోయింది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చిప్ అంటే చిన్న సిలికాన్ ముక్క. అది ఒక పచ్చరేకు మీద కంటికి ఆనని టంకపు బొడిపెలతో అతికి ఉంటుంది. ఆ రేకు కింద మళ్లీ కొంచెం పెద్ద గోళీలు, వాటి కింద మదర్‌బోర్డు. వేడెక్కినప్పుడు సిలికాన్ ఒకలా, రేకు ఇంకోలా సాగుతాయి. చల్లారితే ముడుచుకుంటాయి. బైండింగ్ వైరును అటూ ఇటూ వంచితే చివరికి తెగినట్టు, ఏళ్ల తరబడి ఈ సాగడం ముడుచుకోవడంతో ఏదో ఒక బొడిపె చిట్లుతుంది. 2008 జూలైలో, గ్రాఫిక్స్ చిప్‌లు తయారుచేసే ఎన్విడియా కంపెనీ, తన కొన్ని పాత తరం లాప్‌టాప్ చిప్‌లలో వాడిన పదార్థం బలహీనమని ఒప్పుకుని, వాటి మరమ్మతుల ఖర్చుకింద 15 నుంచి 20 కోట్ల డాలర్లు లెక్కలో చూపించింది. అదే ఏడు అక్టోబరులో ఆపిల్, అలాంటి చిప్ ఉన్న కొన్ని మ్యాక్‌బుక్ ప్రోలను ఉచితంగా బాగుచేస్తామంది. అంత పెద్ద కంపెనీలకే తప్పలేదు.

నా పాత లాప్‌టాప్ (కంపెనీ ఏదో అనవసరం) ఒకరోజు ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, తెర మాత్రం నల్లగా ఉంది. మౌంట్ రోడ్డు పక్కన ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో ఒక షాపుకు తీసుకెళ్లాను. "గ్రాఫిక్స్ పోచ్చు సార్" అన్నాడు, పోయిందని. హాట్ ఎయిర్ కొట్టి గంటలో చేతిలో పెట్టాడు, రెండువేల ఐదొందలు. ప్రాణం లేచొచ్చింది. పంతొమ్మిదో రోజు మళ్లీ నలుపు. ఈసారి రీబాలింగ్ అన్నాడు, నాలుగువేలు. రెండు నెలలు నడిచింది.

తర్వాత అర్థమైంది. రీబాలింగ్‌లో మార్చేది కింది గోళీలను. నా చిప్‌లో చిట్లింది లోపలి బొడిపె. వేడి తగిలితే ఆ చిట్లిన కొసలు కాసేపు ఒకదాన్నొకటి తాకుతాయి, అంతే. తర్వాత మామూలు వాడకం వేడికే మళ్లీ విడిపోతాయి. ఓవెన్‌లో పెట్టి బాగుచేసే వీడియోల కథా ఇదే. అన్నం వేడిచేసుకునే ఓవెన్‌లో ఆ బోర్డు పెట్టకండి బాబూ. అసలైన మరమ్మతు కొత్త చిప్ వెయ్యడం, లేదా బోర్డు మార్చడం. లాప్‌టాప్‌కు ఐదారేళ్లు దాటితే ఆ ఖర్చు దండగని నా అభిప్రాయం.

అయితే ఆ నిర్ణయానికి ముందు ఇంట్లోనే కొన్ని పరీక్షలు చెయ్యండి. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలపండి. టీవీలోనూ గీతలొస్తే అనుమానం గ్రాఫిక్స్ మీద. టీవీలో శుభ్రంగా ఉంటే తప్పు డిస్‌ప్లేదో, దాని కేబుల్‌దో. ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ తెరలో కూడా గీతలుంటే డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మార్చి లాభం లేదు. రెండు గ్రాఫిక్స్ (ప్రాసెసర్‌లోనే ఒకటి, విడిగా ఇంకోటి) ఉన్న లాప్‌టాప్ అయితే విండోస్ పైకి వచ్చినప్పుడు డివైస్ మేనేజర్‌లో విడి గ్రాఫిక్స్‌ను డిజేబుల్ చేసి చూడండి. గేములు పోతాయి గానీ ఆఫీసు పని నడుస్తుంది.

షాపులో ఇచ్చేముందు, మీ ఫైళ్లుండే ఎస్ఎస్‌డీ డిస్క్ ఊడేదైతే తీసి దగ్గర పెట్టుకోండి. కొత్త విండోస్‌లో డిస్క్‌కు చాలాసార్లు బిట్‌లాకర్ తాళం దానంతటదే పడుతుంది. ఆ తాళం తీసే రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో ముందే చూసుకోండి. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినట్టుంటే అది బ్యాటరీ ఉబ్బడం. వెంటనే ఆపెయ్యండి, ఛార్జింగ్ పెట్టకండి.

ఇక తమిళం. ఈ మూడు ముక్కలు వస్తే చాలు. "ఎవ్వళవు ఆగుం?" ఎంతవుతుంది. "చిప్ పుదుసా, పళసా?" కొత్తదా, పాతదా. "పళయ చిప్ తిరుప్పి కుడుంగ", పాత చిప్ తిరిగివ్వండి. రెండోది అడగ్గానే కొందరి మొహంలో రంగు మారుతుంది. వేరే లాప్‌టాప్ నుంచి ఊడదీసిన చిప్ అప్పటికే ఎన్ని ఎండాకాలాలు చూసిందో మరి.

కుర్రాడి లాప్‌టాప్ మా టీవీకి కలిపాం. బొమ్మ అద్దంలా వచ్చింది. మూత కొంచెం వంచితే లాప్‌టాప్ తెర మీద గీతలు పెరిగాయి, ఇంకొంచెం వంచితే మాయమయ్యాయి. కీలు దగ్గర డిస్‌ప్లే కేబుల్. పనిలో పనిగా దుమ్ము తీయించమని, మూడు ముక్కలూ కాగితం మీద రాసిచ్చి శనివారం రిచీ స్ట్రీట్‌కు పంపించాను.

సాయంత్రం ఫోన్ చేశాడు. కేబుల్‌కూ క్లీనింగ్‌కూ కలిపి పదమూడొందలైందట. "తమిళం అడిగావా?" అన్నాను. "అడిగానన్నా. ఆయన మొత్తం విని, మీదే ఊరు బాబూ అన్నాడు. వాళ్లది గూడూరంట."