అయిదు రాష్ట్రాలు, అయిదు శిఖరాలు

ప్రశ్న: దక్షిణాది రాష్ట్రాలు అయిదింటిలోనూ అత్యున్నత శిఖరాలను వరుసగా ఎక్కాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఎత్తును బట్టి ఈ జాబితాలో కేరళలోని అనైముడి (2,695 మీటర్లు), తమిళనాడులోని దొడ్డబెట్ట (2,637), కర్ణాటకలోని ముళ్ళయ్యనగిరి (1,930), ఆంధ్రప్రదేశ్‌లోని అర్మకొండ (సుమారు 1,680), తెలంగాణలోని డోలిగుట్ట (965) వరుసగా వస్తాయి. అయితే ఎత్తుకూ కష్టానికీ ఇక్కడ పొంతన లేదు. రెండవదైన దొడ్డబెట్టకు ఊటీ నుంచి కారులోనే వెళ్ళవచ్చు కనుక దానిని ఎక్కడమనడం కొంచెం మొహమాటమే. అన్నింటికంటే చిన్నదైన డోలిగుట్ట మాత్రం ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవుల్లో ఉన్నందున, స్థానిక అటవీ, పోలీసు అధికారులను సంప్రదించకుండా అటు అడుగు వేయరాదు. అనైముడి ఎరవికుళం జాతీయ ఉద్యానంలో భాగం. అక్కడి నీలగిరి తార్ అనే కొండమేకలు ఈనే కాలంలో, అంటే సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఉద్యానాన్ని సందర్శకులకు మూసివేస్తారు. మిగతా కాలంలోనూ టికెట్టు కొన్నంత మాత్రాన శిఖరం దాకా పోనివ్వరు, అందుకు అటవీశాఖ అనుమతి వేరుగా కావాలి.

కాబట్టి చిక్కమగళూరు దగ్గరి ముళ్ళయ్యనగిరితో మొదలుపెట్టండి. రోడ్డు శిఖరానికి చేరువ దాకా ఉన్నా, సర్పదారి వైపు నుంచి కాలినడకన ఎక్కితేనే కొండ తెలుస్తుంది. వానాకాలంలో జారుడు, జలగల బెడద ఉంటాయి. అక్టోబరు తరువాత వెళ్ళడం మేలు. ఈలోగా ఆదివారాలు భువనగిరి కోట ఎక్కుతూ మోకాళ్ళను సిద్ధం చేసుకోండి, ముఖ్యంగా దిగేటప్పుడు.