ఇంజెక్షన్ చేయించండి, పక్కనే ఉండండి

రోడ్డు మీంచి తెచ్చి పెంచుకున్న కుక్కకి కిడ్నీలు పోయాయని, ఇంజెక్షన్‌తో పంపించేయడమే మంచిదని డాక్టరు అన్నారని రాశారు. అది పాపమేమో, ఆ టైంలో దగ్గరుండగలనో లేదో అని అడిగారు. చేయించండి. దగ్గరుండండి.

మాది పలాస పక్క పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటల్ని పడగొట్టేశాక, కూలిన చెట్టు కింద దొరికింది మా కుక్కపిల్ల. దానికీ తిత్లీ అనే పేరు పెట్టాం. పోయినేడు తిండి మానేసింది. రక్తపరీక్షలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, బాగా ఎక్కువుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మా ఉద్దానం వాళ్లకి ఆ మాట విడమరచి చెప్పక్కర్లేదు, నాన్న డయాలసిస్‌కి వెళ్లినన్నాళ్లూ మా ఇంట్లో రోజూ విన్నదే. కుక్కల్లో కిడ్నీలు ముప్పాతిక వంతు దెబ్బతింటే గానీ అది పెరగదు. కాబట్టి ముందే కనిపెట్టలేకపోయామని కుమిలిపోకండి.

సెలైన్లతో కాస్త తేరుకుంది, మళ్లీ పడిపోయింది. ‘ప్రాణం తీయడానికి మనమెవరం’ అని అమ్మ ఒప్పుకోలేదు. నోరంతా పుండ్లు. దాహం తీరదు, తాగలేదు. రాత్రంతా నీళ్ల గిన్నె మీద మూతి వాల్చి నిలబడే ఉంది. అమ్మ నిద్రపోకుండా చూసింది. తెల్లారాక తనే ‘డాక్టరు బాబుకి ఫోన్ చెయ్యి’ అంది.

జరిగేది ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. మొదట మత్తు ఇస్తారు. నిద్రలోకి జారాక ముందుకాలి నరానికి రెండో మందు ఎక్కిస్తారు. గుండె నిమిషాల్లో ఆగిపోతుంది. కళ్లు మాత్రం మూసుకోవు. తర్వాత కూడా ఒకటి రెండు ఎగశ్వాసలు రావచ్చు, ఒళ్లు అదరొచ్చు, మూత్రం పడొచ్చు. అప్పటికి దానికి స్పృహ ఉండదు, బాధా తెలీదు. ముందు మత్తు ఇస్తారా అని మీ డాక్టర్ని తప్పకుండా అడగండి.

మత్తెక్కే ఆ కాసేపే మన అవసరం. తిత్లీ కొత్తమనిషిని చూసి బెదిరింది, తల తిప్పి నా చున్నీ కొస వాసన చూసింది, మా అప్ప అరచేతిలో గడ్డం పెట్టి ఆగిపోయింది. మేం లేకపోతే ఆ చూపు ఎవరి కోసం వెతికేదో తలచుకోలేను.

గొయ్యి మాత్రం ముందే తవ్వించి పెట్టుకోండి, నాలుగడుగులకు తగ్గకుండా, బావికి దూరంగా. ఆ మందు ఒంట్లోనే ఉండిపోతుంది, పైపైన పూడిస్తే తవ్వి తిన్న నక్కలకీ కుక్కలకీ ప్రాణం మీదికొస్తుంది.