జంట పెట్టెల పాత ట్రామ్ మలుపులో ఎందుకంత కీచుమంటుంది?

ప్రశ్న: విజయనగరంలో ఎన్ని రైళ్లెక్కినా వినని కీచు శబ్దం కోల్‌కతా ట్రామ్‌లో ఎందుకొస్తుంది?

కారణం మలుపు బిగువు. మన బ్రాడ్‌గేజ్‌లో మలుపు వ్యాసార్ధం 175 మీటర్లకు తగ్గనివ్వరు. వీధి మూల తిరిగే ట్రామ్‌కు 20, 30 మీటర్లే దొరుకుతుంది. చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, విడిగా తిరగవు. లంబకోణం మలుపులో బయటి పట్టా లోపలిదానికంటే దాదాపు 2.3 మీటర్లు పొడవు. ఆ తేడా మేర చక్రం జారక తప్పదు. అసలు గోల మాత్రం అడ్డ జారుడుది. బోగీలో (ఇక్కడ బోగీ అంటే పెట్టె కాదు, పెట్టె కింద రెండు ఇరుసులుండే చక్రాల చట్రం) ఇరుసులు సమాంతరంగా ఉండటంతో ముందు చక్రాలు పట్టా మీద పక్కకి ఈడ్చుకుపోతాయి. పట్టుకోవడం, జారడం, మళ్లీ పట్టుకోవడం, సెకనుకు వందలు, వేల సార్లు. ఫిడేలు తీగ మీద కమాను చేసేదీ ఇదే. ఫిడేలు విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన విజయనగరానికి వేరే చెప్పాలా! వానలో పట్టా తడిస్తే రాపిడి తగ్గి కీచు కూడా తగ్గుతుంది.

బయల్దేరేటప్పుడు పెరిగే 'ఊఁ' మోత గేరు పళ్లది. వేగం పెరిగేకొద్దీ శ్రుతి పెరుగుతుంది.

మధ్య బోగీని రెండు పెట్టెలూ పంచుకునే రకమైతే, పట్టా అతుకు దగ్గర 'టక్‌టక్' మూడు జతలే వినిపిస్తుంది, నాలుగు కాదు. 13 మీటర్ల పట్టాలు, గంటకు 20 కిలోమీటర్ల వేగం అయితే ఒక్కో చక్రం 2.3 సెకన్లకో అతుకు దాటుతుంది.

అతుకుల లెక్కకు అందకుండా, చక్రం తిరిగిన ప్రతిసారీ 'దబ్' మంటే చక్రం ఒకచోట చదునైనట్టు. తడి పట్టాపై బ్రేకు బిగుసుకుని చక్రం తిరక్కుండా జారితే అలా అరుగుతుంది. చక్రాన్ని లేత్‌పై మళ్లీ గుండ్రంగా తరగాలి.