చిన్న సోషల్ ఎంటర్‌ప్రైజులు (లాభం కన్నా సమాజానికి మేలు చేయడం కోసం నడిచే సంస్థలు) నెట్‌వర్క్‌గా కలిస్తే నిజంగా ఉద్యోగాలు వస్తాయా?

వస్తాయండీ, ఇటలీనే చూడండి. అక్కడ 1991లో 381 నంబర్ చట్టం తెచ్చారు, దాని ప్రకారం సోషల్ కోఆపరేటివ్‌లు, అంటే అలాంటి సహకార సంఘాలు, రెండు రకాలు, ఏ టైప్ వాళ్లు ముసలివాళ్ల సంరక్షణ లాంటి సేవలు చూస్తారు, బీ టైప్ వాళ్ల పనే ఉద్యోగాలివ్వడం, అదీ మామూలుగా ఎవరూ పనిలోకి తీసుకోనివాళ్లకి. వికలాంగులు, జైలు శిక్షలో ఉన్నవాళ్లు, మానసిక వైద్యం తీసుకుంటున్నవాళ్లు... పనివాళ్లలో ఇలాంటివాళ్లు కనీసం 30 శాతం ఉండాలి.

మరి నెట్‌వర్క్ ఎందుకంటారా? ఇరవై ముప్ఫై మందున్న చిన్న సంస్థ మున్సిపాలిటీ పార్కుల టెండర్ వేయాలంటే ఆ లెక్కలు, కాగితాలు ఒక్కళ్లవల్ల అయ్యేపని కాదు. అందుకే ఓ ప్రాంతంలోవన్నీ కలిసి కన్సార్షియం, అంటే ఓ ఉమ్మడి సంస్థ, పెట్టుకుంటాయి, టెండర్ అది చూసుకుంటుంది, ట్రైనింగ్ అదే ఇప్పిస్తుంది, పని మాత్రం చిన్నవాళ్లకి పంచుతుంది. ఇటలీలోని బ్రెషియా అనే ఊళ్లో 1983లోనే, అంటే చట్టం రాకముందే ఇది మొదలైంది.

నాకు బాగా నచ్చింది వాళ్ల స్ట్రాబెరీ తోట పద్ధతి. సంస్థ పెద్దదైపోతుంటే దాన్నే ఇంకా లావు చేయకుండా, స్ట్రాబెరీ తీగ పక్కకి పాకి కొత్త మొక్క వేసినట్టు ఇంకో కోఆపరేటివ్ పెట్టిస్తారు. మన డ్వాక్రా గ్రూపులకీ మండల సమాఖ్యలున్నాయిగా, కాకపోతే వాటిల్లో ఎక్కువ నడిచేది లోన్ల వ్యవహారమే.