"రాలేదు కదా" అంటే యస్సా, నోవా?

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. వారపత్రికలో ఇంగ్లీషు సందేహాలకి జవాబులు రాసే పని నీకు అప్పజెప్పారని చదివి సంతోషించాను. నాలుగో వారానికే టెన్షన్ మొదలైందన్నావు. నాకు మొదటి వారానికే మొదలైంది. టెన్షన్ లేకుండా రాసిన వారాల్లోనే నేను తప్పులు రాశాను, కాబట్టి దాన్ని వదిలించుకోవాలని చూడకు.

నువ్వు పంపిన జవాబులు చదివాను. గ్రామర్ తప్పు ఎక్కడా లేదు. కానీ అడిగినవాడికి జవాబు అందలేదు. ముఖ్యంగా ఆ స్కూలు పిల్లాడి ప్రశ్న. "నిన్న నువ్వు స్కూలుకి రాలేదు కదా?" అని టీచరు ఇంగ్లీషులో అడిగితే వాడు "యస్ మేడమ్" అన్నాడు. ఆవిడ "యస్ కాదు, నో అనాలి" అంది. నిజమే చెప్పాను కదా, తప్పెలా అయిందని వాడి గోల. నువ్వేమో "నెగటివ్ ప్రశ్నకి నెగటివ్ జవాబే ఇవ్వాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అదీ నిజం కాదు. వాడు స్కూలుకి వెళ్లే ఉంటే, అంత నెగటివ్ ప్రశ్నకీ "యస్, ఐ డిడ్" అనే చెప్పాలి. అసలు వాడి చిక్కు ఇంగ్లీషులో లేదు, తెలుగులో ఉంది.

"రాలేదు కదా?" అంటే మనం "అవునండీ, రాలేదు" అంటాం. మన 'అవును' ఎదుటివాడి మాటకి తలూపుతుంది, మీరన్నది నిజమే అని. ఇంగ్లీషు 'యస్'కి ఎదుటివాడి మాటతో పని లేదు. తన వెనక రాబోయే వాక్యం ఏమిటన్నదే చూసుకుంటుంది. వచ్చి ఉంటే యస్, రాకపోతే నో. అడిగినవాడు ఎటునుంచి అడిగినా ఒకటే. ముందు వాడి తెలుగు వాక్యాన్ని వాడికి చూపించి, ఆ తరవాత ఈ తేడా చెప్పి ఉంటే వాడు జన్మలో మర్చిపోయేవాడు కాదు.

ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లకీ ఇదే గొడవ ఉండేదని తెలుసా? అప్పట్లో వాళ్లకి ఈ పనికి నాలుగు మాటలుండేవి. మామూలు ప్రశ్నకి 'యే', 'నే'. 'కాదా, లేదా' అని అడిగిన ప్రశ్నకి 'యస్', 'నో'. 1532లో థామస్ మోర్ అనే ఇంగ్లీషు పండితుడు, బైబిలును అనువదించిన విలియం టిండేల్ మీద విరుచుకుపడుతూ, 'నే' అనాల్సిన చోట 'నో' అని రాశాడని కూడా దెప్పాడు. తమాషా ఏమిటంటే, ఆ నియమం వివరిస్తూ మోర్ దొరగారే ఒకచోట తిరగేసి రాశాడు! వందేళ్లు తిరక్కుండానే జనం ఆ తేడాని గాలికొదిలేశారు. ఇక మన పిల్లాడిని ఏమంటాం?

ఏడాదికొకసారైనా వచ్చే ప్రశ్న ఇంకోటుంది, కాచుకుని ఉండు. "నీలం సంజీవరెడ్డి మన దేశానికి ఎన్నో రాష్ట్రపతి?" దీన్ని ఇంగ్లీషులో ఎలా అడగాలి? 'ఆరో' అన్న జవాబుకి ఇంగ్లీషులో మాట ఉంది. 'ఎన్నో' అన్న ప్రశ్నకి లేదు. ఆయనకి ముందు ఎంతమంది చేశారని చుట్టు తిరిగి అడగాలి, అయిదుగురంటే ఒకటి కలుపుకోవాలి, మధ్యలో తాత్కాలికంగా చేసినవాళ్లని తీసెయ్యాలి. మనకి రెండక్షరాల పని. లేని మాటని ఉన్నట్టు పుట్టించి రాసేవాళ్లూ ఉన్నారు, ఆ పని చెయ్యకు. లేదు అని రాయడానికి సిగ్గెందుకు? మన 'మేము', 'మనం' కూడా అంతే. 'వియ్ ఆర్ గోయింగ్ టు ఎ మూవీ' అంటే పిలిచినట్టో, పిలవనట్టో ఎదుటివాడి మొహం చూసి తెలుసుకోవాల్సిందే.

'కూడదు' అని రాసే ముందు మాత్రం ఎవరు కూడదన్నారో చూడు. వాక్యం చివర 'టు', 'విత్' లాంటి ప్రిపోజిషన్ రాకూడదని నాకు స్కూల్లో గట్టిగా నేర్పారు. తరవాత తెలిసింది, 1672లో డ్రైడెన్ అనే కవి, తనకంటే ముందువాడైన బెన్ జాన్సన్ రాతలో అది నచ్చక తప్పుపట్టాడని. ఒక కవిగారి రుచి మన బెత్తం దెబ్బలయింది.

నా తప్పు కూడా ఒకటి చెప్తాను. 'పోస్ట్‌పోన్'కి ఎదురుగా, ముందుకు జరపడం అనే అర్థంలో వాడే 'ప్రీపోన్' అన్న మాటే లేదు, మన ఆఫీసుల్లో పుట్టించిందని ఒక వారం ధీమాగా రాశాను. రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ పేజీ జిరాక్స్ తీసి పంపాడు, ఇండియన్ ఇంగ్లీష్ అన్న గుర్తుతో సహా ఆ మాట అందులో ఉంది. పక్కన ఆయన ఒక్క ముక్క కూడా రాయలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. రెండు రోజులు సాకులు వెతికి, ఆఖరికి తెలియక రాశానని అచ్చువేయించాను. 1755లో పెద్ద నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సన్, గుర్రం గిట్టకి కాస్త పైనుండే భాగం పేరుకి 'గుర్రం మోకాలు' అని అర్థం రాశాడు. అలా ఎందుకు రాశారని ఒకావిడ అడిగితే, "అజ్ఞానం అమ్మా, వట్టి అజ్ఞానం" అన్నాడట. అంత తేలిగ్గా అనడం నాకింకా చేతకాలేదు.

ఇక శీర్షిక పేరు సంగతి. 'మీ డౌట్లు పంపండి' అని పెడితే ఇంగ్లీషు తెలిసినవాళ్లు నవ్వుతారా అని అడిగావు. అమెరికాలో చదివే మా మనవడు క్లాసులో "ఐ హావ్ ఎ డౌట్" అన్నాడట. ప్రొఫెసరు పాఠం ఆపి, "నేను చెప్పినదాంట్లో నీకు నమ్మబుద్ధి కానిదేమిటి?" అన్నాడట. అక్కడ డౌట్ అంటే అపనమ్మకం. మన 'సందేహం'లో ప్రశ్నా ఉంది, అనుమానమూ ఉంది, అందుకే మనం ఆ రెండిటికీ ఒకే మాట వాడేస్తాం. నీ పాఠకులు తెలుగువాళ్లు, ఆ పేరే పెట్టు. పెట్టిన వారమే ఎవరో ఒక పిల్ల, పలకని 'బి' అందులో ఎందుకుందని అడుగుతుంది. జవాబు రాసి ఉంచుకో: ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ మాటలో 'బి' లేదు, లాటిన్ మూలంలో ఉందని తరవాతి పండితులు తెచ్చి ఇరికించారు, రాతలోకి ఎక్కింది గానీ జనం నోటికి ఎక్కలేదు.

ఉంటాను.

మీ మాస్టారు