ముస్లిం అమ్మాయి మతం మారకుండా, ఇంట్లో ఒప్పుకోకపోయినా హిందూ అబ్బాయిని పెళ్లి చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద ఎవరి మతంలో వాళ్లు ఉంటూనే పెళ్లాడవచ్చు.

ఈ చట్టమే ఎందుకంటే, సంప్రదాయ షరియత్ ప్రకారం ముస్లిం స్త్రీకి ముస్లిమేతరుడితో నిఖా కుదరదు. హిందూ వివాహ చట్టం ముస్లింలకు వర్తించదు. కాబట్టి గుడిలో తాళి కట్టించుకుంటే సరిపోదు.

ఉదాహరణకు, అమ్మాయిది కర్నూలు, ఇద్దరి ఉద్యోగాలూ హైదరాబాద్‌లో అనుకుందాం. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలో మ్యారేజ్ ఆఫీసర్‌కు నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. శాశ్వత నివాసం కర్నూలే అయితే అక్కడి ఆఫీసుకూ ఒక కాపీ వెళ్తుంది. అసలు టెన్షన్ ఇదే, ఇంట్లో చెప్పకముందే ఊరికి తెలిసిపోవచ్చు. 30 రోజులు గడిచాక ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు చేయాలి.

అమ్మాయి తండ్రి అభ్యంతరం రాసిస్తే పెళ్లి ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. వయసు చాలకపోవడం, మొదటి భార్య లేదా భర్త ఉండటం, నిషిద్ధ బంధుత్వం (పెళ్లి చేసుకోకూడని దగ్గరి చుట్టరికం), సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి లాంటి చట్టంలోని కారణాలే చెల్లుతాయి. ‘బిరాదరీలో (మన వాళ్లలో) పరువు పోతుంది’ అన్నది వాటిలో లేదు.