ఇల్లు చూపించే ముందు సామాను సర్దడానికి అమ్మానాన్నలు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: కూకట్‌పల్లి కేపీహెచ్‌బీ కాలనీలో నాన్నగారి పేరు మీద 1,450 చదరపు అడుగుల మూడు పడక గదుల ఫ్లాట్ ఉంది. 2009లో 32 లక్షలకు కొన్నారు. వయసు మీదపడుతోందని, మా ఇంటికి దగ్గరగా మియాపూర్‌లో రెండు పడక గదుల ఫ్లాటును ఏడు నెలల క్రితం నాన్నగారి పేరు మీదే రిజిస్టర్ చేయించాం. అందుకు 8.5 శాతం వడ్డీకి 40 లక్షల గృహ రుణం తీసుకున్నాం. నేను సహ రుణగ్రహీతను. పాత ఫ్లాటును 95 లక్షలకు అమ్మకానికి పెట్టి ఐదు నెలలైంది. చూసి వెళ్లినవాళ్లు చాలామందే గానీ రెండోసారి వచ్చినవాళ్లు లేరు. ఇంటి నిండా సామాను, గోడల నిండా ఫొటోలు ఉన్నాయని, ఇలాగే ఉంటే 88 లక్షలకు దిగాల్సిందేనని బ్రోకర్ అంటున్నారు. సర్దుదామంటే అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటోంది. ‘మేమింకా ఇక్కడే ఉన్నాం కదా’ అని నాన్న కోప్పడుతున్నారు. వాళ్లను ఒప్పించడం ఎలా? లేక ధర తగ్గించుకోవడమే మేలా?

జవాబు: ఇప్పుడే 88 లక్షలకు దిగకండి. అయితే ధర తగ్గించకుండా, సామాను కదపకుండా ఇలాగే రోజులు గడపడం కూడా ఖర్చుతో కూడిన నిర్ణయమే. ఆ ఖర్చు ఎంతో మీ నాన్నగారి ముందు కాగితం మీద పెట్టడంతో సంభాషణ మొదలుపెట్టమని నా సలహా. ఇంతవరకు మీ ఇంట్లో వాదన జ్ఞాపకాల చుట్టూ తిరిగింది. జ్ఞాపకాల దగ్గర ఎవరూ ఓడిపోవడానికి ఇష్టపడరు.

లెక్క ఇలా వేయండి. 40 లక్షల రుణం మీద 8.5 శాతం చొప్పున నెలకు సుమారు 28,300 రూపాయలు వడ్డీకే పోతున్నాయి. పాత ఫ్లాట్ అమ్ముడై రుణం తీరితే మిగిలే 55 లక్షలను 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేసుకున్నా నెలకు 32,000 వస్తాయి. ఆ ఆదాయం ఇప్పుడు రావడం లేదు. ఖాళీగా తాళం వేసి ఉన్న మియాపూర్ ఫ్లాటుకు కట్టే మెయింటెనెన్స్ మూడు నాలుగు వేలు ఉంటుందనుకుంటే, మొత్తం నెలకు దాదాపు 64 వేలు. అంటే మూడు నెలలు ఆగి రెండు లక్షలు ఎక్కువకు అమ్మినా చివరకు చేతిలో మిగిలేదేమీ ఉండదు. ఉద్యోగ జీవితమంతా పైసా పైసా చూసి ఖర్చు పెట్టిన తరానికి ఈ అంకె తప్పకుండా అర్థమవుతుంది. ‘ఇల్లు చిందరవందరగా ఉంది’ అన్న మాట అవమానంగా మాత్రమే వినిపిస్తుంది.

దీనికి తోడు మీ విషయంలో గడువు ఒకటి ఉంది, దాని గురించి మీ లేఖలో లేదు. ఇల్లు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక మూలధన లాభాన్ని, అంటే చాలాకాలం ఉంచుకున్న ఆస్తిని అమ్మినప్పుడు కొన్న ధరపై మిగిలే లాభాన్ని, మరో ఇంటిపై పెట్టి పన్ను మినహాయింపు పొందాలంటే, ఆ కొత్త ఇంటిని పాతది అమ్మిన తేదీకి ముందు ఏడాదిలోగానో, తరువాత రెండేళ్లలోగానో కొని ఉండాలి. మీరు ముందే కొన్నారు, అప్పుడే ఏడు నెలలు గడిచాయి. కనుక పాత ఫ్లాట్ రిజిస్ట్రేషన్ రానున్న ఐదు నెలల్లో పూర్తికావాలి. కొనేవారి బ్యాంకు రుణం మంజూరుకు నెల, నెలన్నర పడుతుంది కాబట్టి, అగ్రిమెంటు రాసుకోవడానికి మీకు నిజంగా ఉన్నది మూడు నెలలకు కొంచెం పైన మాత్రమే. గడువు దాటితే ఏమవుతుంది? 95 లక్షలకు అమ్మితే లాభం 63 లక్షలు, దానిపై 12.5 శాతం అంటే 7.87 లక్షలు. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లు కనుక ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం కొన్న ధరను ఇప్పటి విలువకు పెంచుకుని, మిగిలిన లాభంపై 20 శాతం చొప్పున కూడా లెక్కించుకోవచ్చు. 2009-10 సూచీ 148, 2025-26 సూచీ 376 ప్రకారం ఆ పన్ను, సెస్సు వగైరా కలపకుండానే, 2.74 లక్షలు. రెండింటిలో తక్కువది కట్టినా, ఊరికే పోగొట్టుకునే మొత్తం కాదు అది. మీ ఆడిటర్‌తో ఈ వారమే మాట్లాడండి.

ఇక సామాను సంగతి. చాలామంది దీన్ని అందచందాల విషయం అనుకుంటారు. నా దృష్టిలో ఇది ముందుగా బేరానికి సంబంధించినది. కొనడానికి వచ్చినవాళ్లు గదులతో పాటు అమ్మేవాళ్లనూ చదువుతారు. డైనింగ్ టేబుల్ మీద మందుల డబ్బాలు, ఆసుపత్రి ఫైలు కనిపిస్తే వీళ్లకు డబ్బు అవసరం ఉందనుకుంటారు. టీవీ పక్కన శుభలేఖల కట్ట ఉంటే పెళ్లి ఖర్చు ముంచుకొచ్చిందనుకుంటారు. ఫ్రిజ్ తలుపుకు మియాపూర్ ఫ్లాట్ మెయింటెనెన్స్ రసీదు అయస్కాంతంతో అంటించి ఉంటే, రెండిళ్ల భారం మోస్తున్నారని ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ తరువాత వాళ్లు చెప్పే ధర మీ ఫ్లాటుకు కట్టిన ధర కాదు, మీ అవసరానికి కట్టిన ధర. మీ నాన్నగారికి ఈ కోణం చెప్పి చూడండి. ఇంటి గుట్టు పరాయివాళ్ల ముందు పరచకూడదన్నది ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేని విషయం.

రెండో కారణం చూసేవారి ఊహ. అటక నిండా స్టీలు బిందెలు, బీరువా మీద సూట్‌కేసులు, బాల్కనీలో బట్టల స్టాండు, షూ ర్యాక్ నిండి గుమ్మం దాకా పరచుకున్న చెప్పులు ఉంటే 1,450 అడుగుల ఇల్లు 1,100 అడుగుల ఇల్లులా కనిపిస్తుంది. అటక ఎంత లోతుందో, వాష్ ఏరియాలో మెషిన్ పడుతుందో లేదో కొనేవారికి తెలియదు. తెలియని చోట తగ్గించే అడుగుతారు. అమెరికాలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 2023లో జరిపిన సర్వేలో, ఇంటిని ఇలా సిద్ధం చేసి చూపిస్తే కొనేవారు దాన్ని తమ ఇల్లుగా ఊహించుకోవడం తేలికవుతుందని కొనుగోలుదారుల తరఫు ఏజెంట్లలో 81 శాతం మంది చెప్పారు. అది ఏజెంట్ల అభిప్రాయమే తప్ప ధర ఎంత పెరిగిందో కొలిచిన లెక్క కాదు. పైగా కొనేవారి బ్యాంకు ఇంటి విలువ కట్టడానికి పంపే వాల్యుయర్ విస్తీర్ణం, భవనం వయసు, ప్రాంతం చూస్తారు గానీ మీ షోకేసును చూడరు. కాబట్టి సర్దినంత మాత్రాన 95 లక్షల ఇల్లు కోటి రూపాయల ఇల్లు అవుతుందని అమ్మానాన్నలకు చెప్పకండి. అనవసరంగా తగ్గే ధర తగ్గకుండా ఉంటుంది, రెండోసారి చూడటానికి వచ్చేవాళ్లు ఉంటారు. చెప్పవలసింది అంతే.

ఒప్పించేటప్పుడు ‘తీసేద్దాం’, ‘పాత సామాను’ అన్న మాటలే వద్దు. ఈ వస్తువులన్నీ ఎలాగూ మియాపూర్ వెళ్లవలసినవే, లేదా ఎవరికో ఇవ్వవలసినవే. ఇల్లు మారే పనిలో సగాన్ని రెండు నెలలు ముందుకు జరుపుతున్నామంతే. కొత్త ఫ్లాట్ చేతిలో ఉంది కాబట్టి గోదాము అద్దె కూడా లేదు. మీ అమ్మగారిని ముందు అక్కడికి తీసుకువెళ్లి, వంటగదిలో ఏ అరలో ఏముండాలో ఆమెనే నిర్ణయించనివ్వండి. ఇత్తడి గంగాళం ఏ మనవరాలికి, ఆవకాయ జాడీలు ఎవరికి అన్నది కూడా ఆమే చెప్పాలి. సర్దేది ఆమె చేతులతోనే కావాలి, మీరు పక్కన కూర్చుని అట్టపెట్టెల మీద పేర్లు రాయండి. ఒకే ఆదివారంలో ఇల్లంతా ఖాళీ చేసే ప్రయత్నం చేస్తే రెండో గదికే ఆగిపోతుంది. హాలు, వంటగది, అటకలు, ఈ వరుసలో వారానికొకటి చాలు.

పూజగది జోలికి వెళ్లకండి. దాన్ని ఇప్పుడే ఎత్తేయమంటే మిగతా ఏ మాటా వినరు, వినకపోవడంలో న్యాయం కూడా ఉంది. ఇల్లు మారే రోజు దగ్గరపడ్డాక, మీ పురోహితుడు చెప్పిన రోజున ఉద్వాసన చేసి కదుపుకోవచ్చు. అంతవరకు దీపం వెలగనివ్వండి, పాత క్యాలెండర్లు, వాడని పటాలు మాత్రం తీసి, నూనె జిడ్డు తుడిపించండి. మన ప్రాంతంలో కొనేవారిలో ఎక్కువమంది ముందుగా చూసేది ఈశాన్యాన్నీ ఆ గదినీ కనుక, శుభ్రంగా ఉన్న పూజగది మీకు మేలే చేస్తుంది. దండలు వేసిన తాతమ్మల, తాతయ్యల ఫొటోల విషయం వేరు. కొత్తవాళ్లకు హాలులో అడుగుపెట్టగానే అవి కనబడితే మనసు ఒకలా అవుతుంది. వాటిని అట్టపెట్టెలో వేయమని అడగకండి. మియాపూర్ ఇంట్లో గోడకు మేకులు కొట్టించి, మీ నాన్నగారి చేతే అక్కడ తగిలించండి.

హాలులో గొలుసులతో వేలాడే ఉయ్యాల బల్ల వంటిది ఏదైనా ఉంటే, దాన్ని తీసుకువెళ్లదలచుకున్నారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. గోడకో సీలింగుకో బిగించి ఉన్న ప్రతిదీ ఇంటితో పాటే వస్తుందని కొనేవారు అనుకుంటారు. షాండ్లియర్, ఏసీలు, గీజర్లు, టేకు మందిరం, వీటి దగ్గర రిజిస్ట్రేషన్ ముందురోజు వచ్చే తగాదా లక్షల రూపాయల బేరాన్ని చెడగొట్టగలదు. మీ వెంట వచ్చేవి చూపించడానికి ముందే విప్పించండి, లేదా ఏవి ఉంటాయో, ఏవి ఉండవో అగ్రిమెంటులో పేరుపేరునా రాయించండి.

బీరువా జరిపినప్పుడు వెనుక గోడ చెమ్మతో పొంగి కనిపిస్తే, మరో వస్తువు అడ్డుపెట్టి దాచవద్దు. కారణం కనుక్కుని బాగు చేయించి, ఆ సంగతి కొనేవారికి చెప్పండి. మామూలు పరిశీలనలో కనబడని ముఖ్యమైన లోపాలను అమ్మేవారు వెల్లడించాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. బంగారం, చెక్కు పుస్తకాలు, ఆధార్ నకళ్లు మాత్రం రేపే లాకరులోకి వెళ్లాలి. ఐదు నెలలుగా ముక్కూమొహం తెలియనివారు పడక గదుల దాకా వచ్చి వెళుతున్నారు.

అట్టపెట్టెలు, టెంపో, కూలీలు, ఫొటోలు తీసిన చోట మిగిలే మేకు రంధ్రాలకు పుట్టీ, హాలుకు ఒక కోటు రంగు, అన్నీ కలిపి 30 వేలు దాటనివ్వకండి. అది మీ నెల నష్టంలో సగం కన్నా తక్కువ. కొత్త వార్డ్‌రోబ్‌లు, ఫాల్స్ సీలింగ్ పెట్టించమని ఎవరు చెప్పినా వినవద్దు, ఆ డబ్బు అమ్మకం ధరలో తిరిగి రాదు. అలాగని సోఫా, మంచాలు కూడా తరలించి ఇంటిని బోసిగా చేయకండి. వెళ్లిపోయే తొందరలో ఉన్నారని మళ్లీ బేరం మొదలవుతుంది. సర్దడం పూర్తయ్యాక కొత్తగా ఫొటోలు తీయించి, ఆరు వారాలు 95 దగ్గరే ఉండండి. అప్పటికీ గట్టి ఆఫరు రాకపోతే లోపం సామానులో లేదు, ధరలో ఉంది. పన్ను గడువును దృష్టిలో పెట్టుకుని రెండు మూడు లక్షలు తగ్గించండి, అంతేగాని ఒక్కసారే ఏడు లక్షలు కాదు.

పెట్టెలు కట్టే హడావిడిలో ఒక ఫైలు మాత్రం చేతికి అందేచోట ఉంచండి. 2009 నాటి సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు (అంతకుముందు ఆస్తి చేతులు మారిన పత్రాలు), తాజా ఈసీ (ఆస్తిపై తాకట్లు, లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదులు, అసోసియేషన్ బకాయిలు లేవన్న లేఖ, నాన్నగారి పాన్ అందులో ఉండాలి. నచ్చిన మనిషి రెండోసారి వచ్చినప్పుడు అతని బ్యాంకు అడిగేవి అవే.